దవడ కింద గాయం

నా పేరు కపితోలీనా. ఊళ్ళో అందరూ కాపా అంటారు. వోల్గా మీద మంచు మనిషి బరువు మోసేంత గట్టిపడిన రోజు నుంచి అది పగిలే రోజు వరకు నాతో పనుంటే ఎవరూ మా ఇంటికి రానక్కర్లేదు, నది మీదికి రావాలి. అరవై రెండేళ్ళొచ్చాయి, మోకాళ్ళు చెప్పిన మాట వినవు. అయినా వస్తాను. ఎవడు ఆపుతాడో చూస్తాను.

మా ఊరి తీఖొన్‌కి అదే కడుపుమంట. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నాం, అప్పటినుంచీ వాడికి నేనంటే పడదు. "ఆడది మంచు మీద కాలు పెడితే సుదాక్ అడుగుకి పారిపోతుంది" అని జోరీగలా అంటూనే ఉంటాడు. సుదాక్ అంటే గాజుగోళీల్లాంటి కళ్ళు, వీపు నిండా ముళ్ళు, ముందు కోరలు ఉన్న చేప. అది ఎప్పుడూ ఉండేదే అడుగున. ఆ సంగతి ఈ మహానుభావుడికి ఇంకా తెలియలేదు కాబోలు.

ఆ ఫిబ్రవరి ఉదయం మగవాళ్ళంతా లోతు మడుగు మీద చేరారు. తాతలు అక్కడే కూర్చున్నారట, కాబట్టి వీళ్ళూ అక్కడే కూర్చుంటారు. నేను కాస్త దూరంగా, లోతు మొదలయ్యే వాలు మీద బర్మాతో మంచుకు బెజ్జం వేసి ఎర దించాను. అడుగున మెత్తగా దిగబడింది. బురద. లేచి ఇంకోచోట వేశాను. మళ్ళీ బురదే. ఏడో బెజ్జంలో 'టక్' మంది. గుల్లలున్న గట్టి నేల. అక్కడ పీట వేసుకున్నాను.

నా ఎర మా అమ్మ చేసింది. టీ నీళ్ళు కాచే పాత సమోవార్ ఇత్తడి మూతను కత్తిరించి, ఆకురాయితో అరగదీసి, వేలెడంత చేపలా మలిచింది. దాని తోకకు ఒకే ఒక్క కొక్కెం, మొన పైకి ఉంటుంది. ఫిబ్రవరిలో సుదాక్‌కి బద్ధకం, వెంటపడి కరవదు. ఎరతో నేలను రెండుసార్లు తట్టాలి, జానెడు ఎత్తి ఆపాలి, మళ్ళీ వదలాలి. చేప నెమ్మదిగా వచ్చి, నోరు కూడా తెరవకుండా కింది దవడతో ఎరను నేలకేసి అదుముతుంది. మన చేతికి ఏమీ తెలియదు. మళ్ళీ ఎత్తబోతే మాత్రం దారానికి తడి కోటు తగిలించినట్టు బరువుగా ఉంటుంది. అప్పుడే లాగాలి.

పొద్దెక్కేసరికి ఐదు పడ్డాయి. మడుగు మీద అంతమందికీ కలిపి ఒక్కటి లేదు. తీఖొన్ వచ్చి నా చేపలను బూటుతో తిరగేసి చూశాడు, అవతలికి వెళ్ళి ఫోను తీశాడు.

గంటలో మంచుబండి వచ్చి ఆగింది. దిగినవాడు చేపల శాఖ ఇన్‌స్పెక్టర్ వదీమ్, శరత్కాలంలోనే పట్నం నుంచి బదిలీ అయి వచ్చాడు. వెనకాలే మడుగు మీది జనమంతా వినోదం చూడ్డానికి చేరారు.

వదీమ్ ఒక్కో చేప నోరు తెరిచి చూశాడు. "నోట్లో గాయం లేదు పిన్నీ. అన్నిటికీ దవడ కిందే. అంటే ఇవి ఎర పట్టలేదు. కొక్కెంతో గుచ్చి లాగావు. అది నేరం."

"నేను చెప్పలా?" అన్నాడు తీఖొన్. "దొంగతనం. నలభై ఏళ్ళ నుంచీ ఇదే బాగోతం."

దొంగ! నా ఒళ్ళు మండిపోయింది. వదీమ్ అప్పటికే కాగితం తీసి నా పేరు రాసేశాడు. కింద సంతకం పెడితే అమ్మ చేసిన ఎర పట్టుకుపోతారు. పైగా ఈ నది మీద నా పేరు ఇక దొంగే.

"పెట్టను," అన్నాను. "గుడ్డిగా గుచ్చితే ఒకదానికి వీపున, ఒకదానికి పొట్టలో, ఒకదానికి తోకకి తగలాలి కదా బాబూ? ఐదింటికీ ఒకే చోట ఎలా తగిలింది? నేనేమైనా నీళ్ళల్లోకి దూకి కొక్కెం తగిలించొచ్చానా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వదీమ్ మళ్ళీ ఒక్కో చేప గడ్డం కింద చూశాడు.

"ఇదిగో నా గాలం కర్ర. నువ్వే దించు. నీకు పడ్డ చేపకి నోట్లో గాయముంటే సంతకం పెడతాను, ఎర కూడా నువ్వే పట్టుకుపో."

"ఆవిడ మాయలో పడకు," అన్నాడు తీఖొన్.

"నువ్వు నోర్ముయ్ రా! పిలిచింది నువ్వే కదా, ఉండి చూడు."

వదీమ్ పీట మీద కూర్చున్నాడు. ఇరవై నిమిషాలైనా ఏమీ లేదు. తీఖొన్ గడియారం చూసి ఇకిలించాడు.

"పులుసులో గరిటె తిప్పుతున్నావా నాయనా?" అన్నాను. "రెండుసార్లు తట్టు. ఎత్తు. ఆపు. ఆపమన్నానా! ఇప్పుడు వదులు."

తట్టాడు, ఎత్తాడు, ఆపాడు, వదిలాడు. మళ్ళీ ఎత్తబోయి కనుబొమలు ముడిచాడు. "ఏమీ లాగట్లేదు పిన్నీ. ఊరికే... బరువుగా ఉంది."

"లాగు!"

లాగాడు. కర్ర వంగింది. రెండు కిలోల సుదాక్ బెజ్జంలోంచి మంచు మీద పడి తోకతో టపటపా కొట్టుకుంది. వదీమ్ చేతి తొడుగు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నోరు తెరిచి చూశాడు, మూశాడు, గడ్డం పైకెత్తాడు. కొక్కెం సరిగ్గా దవడ కింద ఉంది.

"రాయి," అన్నాను. "నా పేరు కింద నీ పేరు కూడా రాయి. ఇద్దరం దొంగలమే."

వదీమ్ చెవులు ఎర్రబడ్డాయి. కాగితం చింపబోతే ఆపి లాక్కున్నాను. నాలుగు మడతలు పెట్టి, ఆ చేప నోరు తెరిచి, కోరల మధ్య దోపి, తీఖొన్ రెండు చేతుల్లో పెట్టాను.

"ఇంటికి పట్టుకెళ్ళి చారు పెట్టించుకో. నోట్లో ఏముందో కూడా చదువుకో, నీ ఫిర్యాదే."

వాడు అందరి వైపూ చూశాడు. అందరూ నా బెజ్జం వైపే చూస్తున్నారు. తల దించుకుని, చేప పట్టుకుని ఒడ్డు వైపు నడిచాడు.

నేను నా పీట మీద కూర్చుని ఎర దించాను.