అత్తగారి కళ్ళకు షేడ్ కార్డు

దగ్గరకు జరుగు తల్లీ, ఆ దిండు ఇటు లాక్కో. నవ్వొస్తే నవ్వు గానీ మధ్యలో లేచి వెళ్ళకు.

ఇళ్ళకు రంగులు వేసే అల్లుడొకడు ఉండేవాడు. చేతిలో పని బంగారం, నోట్లో మాట సగమే. మిగతా సగం అత్తగారు మాట్లాడేసేది. ఆవిడ వాళ్ళింట్లోనే ఉండేది. వంటింటికి ముదురు పసుపు వెయ్యమని పట్టుబట్టి వేయించుకున్నదీ ఆవిడే. అప్పటినుంచీ ఆ గదిలో మనుషులందరూ మగ్గిన నిమ్మకాయల్లా కనిపించేవారు.

ఒకనాడు అత్తగారు వేయించినవేవో కడుపారా తిని, గంటకల్లా కుడి డొక్క పట్టుకుని వంగిపోయింది. నొప్పి వీపు మీదుగా కుడి భుజం దాకా పాకింది.

"గ్యాసు. సోడా తెండి," అంది.

సోడా వచ్చింది. త్రేన్పూ వచ్చింది. నొప్పి మాత్రం కదల్లేదు.

మర్నాడు వంటింట్లో అల్లుడు ఆవిడ ముఖంలోకి చూసి ఉలిక్కిపడ్డాడు.

"అత్తయ్యా, మీ కళ్ళు పచ్చబడ్డాయి."

"నువ్వేసిన గోడ అలాంటిది మరి! ముందు నీ కళ్ళు చూసుకో."

చూసుకున్నాడు. నిజమే, అద్దంలో తనూ నిమ్మకాయే. పెళ్ళాం పకపకా నవ్వింది.

కానీ అతని మనసు ఊరుకోలేదు. తనకు పని నేర్పిన మేస్త్రీ ఇలాగే "గ్యాసే, గ్యాసే" అంటూ కూర్చుని, చలిజ్వరం పట్టాక గాని ఆసుపత్రి మెట్లెక్కలేదు. మళ్ళీ దిగలేదు. అత్తగారికీ అలా కానిస్తాడా? కానీ రుజువు చూపందే ఆవిడ ఆసుపత్రికి కదలదు. రంగును ఇంట్లో చూడకూడదు, పగటి వెలుతురులో చూడాలి. ఇరవై ఏళ్ళుగా అందరికీ తను చెప్పే మాటే కదా!

"అత్తయ్యా, మీ చెవికమ్మ వాకిట్లో పడినట్టుంది," అని అబద్ధమాడాడు. ఆవిడ పరుగున వచ్చింది. గబుక్కున రంగుల నమూనాలు నంబర్లతో ఉండే షేడ్ కార్డు తీసి ఆవిడ కంటి పక్కన పెట్టాడు. నాలుగో నంబరు, లేత వెన్న.

"ఏమిటయ్యా, నాకు సున్నం కొడతావా?"

మర్నాడు ఆరో నంబరు. ఆ మర్నాడు తొమ్మిది. ఒక్కో నంబరు పక్కన పెన్సిలుతో తేదీ వేసుకున్నాడు.

"ఒంటికీ రెంటికీ ఏ రంగులో అవుతోందో మీ అమ్మనడుగు," అన్నాడు పెళ్ళాంతో.

"నేనడగను బాబూ! నీ రంగులు, నీ అత్తగారు."

అల్లుడు చెమటలు కక్కుతూ, అత్తగారు లోపలున్న బాత్రూము తలుపు కింద నుంచి కార్డు తోశాడు. "నోటితో చెప్పక్కర్లేదు అత్తయ్యా, నంబరు చాలు."

కాసేపటికి లోపల్నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"ఒంటికి ఇరవై రెండయ్యా, చిక్కటి టీ రంగు. రెంటికి... సున్నంలా ఉంది. బాబూ, ఆటో పిలువు."

ఆవిడ జన్మలో అతన్ని 'బాబూ' అనడం అదే మొదలు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కార్డును అటూ ఇటూ తిప్పి, "ఇంత బాగా రాసి తెచ్చిన వాళ్ళను నేను చూడలేదు," అంది. రక్తం పరీక్ష చేసి, స్కాను తీసి అసలు సంగతి చెప్పింది. "పిత్తాశయంలో రాళ్ళున్నాయి. ఒకటి జారి, పైత్యరసం పేగులోకి దిగే గొట్టంలో ఇరుక్కుంది. దిగే దారి లేక ఆ రసం రక్తంలోకి ఎక్కింది. అందుకే కళ్ళు పచ్చబడ్డాయి, పేగులోకి రంగు దిగక మలం తెల్లబడింది."

"రంగు చిమ్మే స్ప్రే గన్ మూతిలో రంగు గడ్డ అడ్డం పడ్డట్టు," అన్నాడు అల్లుడు.

"అచ్చం అంతే! సమయానికి తెచ్చారు."

నోట్లోంచి కెమెరా గొట్టం పంపి ఆ రాయి లాగేశారు. నాలుగు రోజులాగి, పొట్టకు చిన్న చిన్న కంతలు పెట్టి రాళ్ళ సంచీ మొత్తం తీసేశారు. సీసాలో పెట్టిన రాళ్ళను అల్లుడు వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇందులో గ్యాసేదీ అత్తయ్యా?"

కుట్లు నొప్పెడుతున్నా ఆవిడ నవ్వకుండా ఉండలేకపోయింది.

ఇప్పుడా వంటిల్లు తెల్లగా ఉంటుంది. రోజూ పొద్దున్నే అత్తగారు తనంతట తనే వాకిట్లోకి వచ్చి కళ్ళు ఇంత చేసి నిలబడుతుంది.

"ఇవాళ ఎంతయ్యా?"

"ఒకటో నంబరు అత్తయ్యా. మల్లెపూవు."

విన్నావుగా? గుర్తుపెట్టుకో. డొక్క పట్టుకుని "గ్యాసే" అనేవాళ్ళు కనిపిస్తే వాకిట్లోకి లాక్కొచ్చి, కళ్ళు చూస్తూ ఈ కథ చెప్పు.