ఏ భాషలో చాలు?

మా ఇంటికి ఒక చట్టం ఉండేది. చేసింది నేనే. హిందీ, గుజరాతీ రెండూ చెప్పులతో పాటు గడప బయట విడిచి రావాలి. సూరత్ పర్వత్ పాటియాలో మాకున్నది ఒక్క గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం. ఇంత జాగాకు చట్టమెందుకని నర్సింగం నవ్వేవాడు. అంత చిన్న ఇంట్లో కూడా నా మాట చెల్లకపోతే ఇంకెక్కడ చెల్లుతుంది? సిరిసిల్లలో పదో తరగతి దాకా తెలుగులో చదివినదాన్ని. సూరత్‌లో ఇరవై రెండేళ్లు ఉండి కూడా కూరగాయల బేరానికి సరిపడా హిందీ మాత్రమే నేర్చుకున్నాను. రాక కాదు, మొండితనం.

నర్సింగం నా మొగుడు. కార్ఖానాలో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపేవాడు. దేశానికంతటికీ ఒక్కటే భాష ఉండాలన్నది అతని వాదం. దానికో కారణం ఉంది. కొత్తగా పనిలో చేరిన రోజు మాస్టర్ ఆ చివరి నుంచి "చాలూ! చాలూ!" అని అరిచాడట. ఇక్కడివాళ్లకు చాలూ అంటే నడిపించమని. ఇతను మన 'చాలు' అనుకుని నడుస్తున్న సాంచెను ఆపేశాడు. మాస్టర్ ఇంకా గట్టిగా అరిచాడు. ఇతను పక్కదాన్ని కూడా ఆపాడు. నాలుగు సాంచెలు ఆగాక మాస్టర్ నడిచొచ్చి చెంప మీద ఒక్కటిచ్చాడు.

"దేశానికి ఒక్కటే భాష ఉంటే గా దెబ్బ తప్పుతుండె గదనే," అనేవాడు.

"గా ఒక్కటి తెలుగు పెట్టుమను. నేనేమన్న వద్దంటున్ననా?"

"అందరికీ తెలుగెట్ల పెడ్తరే?"

"మరి అందరికీ హిందీ ఎట్ల పెడ్తరు? రెండుంటే ఏమైతది? నీకు రెండు కండ్లు లేవా?"

"చెంపలు సుత రెండే ఉన్నయి. రెండోది గూడ వాయాల్నా?"

ఈ తగవు మాకు పప్పులో ఉప్పులాంటిది. అది లేని పూట లేదు. అన్నం వడ్డించేటప్పుడు అతను "చాలు" అంటే నేను గరిటె ఆపేదాన్ని కాదు. "ఏ భాషల అన్నవు? మన దాంట్లనా, మీ మాస్టర్ దాంట్లనా?" అని అడిగేదాన్ని. కంచానికి చెయ్యి అడ్డం పెట్టి "మన దాంట్లనే తల్లీ!" అనేదాకా వడ్డిస్తూనే ఉండేదాన్ని. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఆటలంటే ఇవే.

కరోనా రెండోసారి వచ్చిన ఏడాది, ఏప్రిల్‌లో ఇద్దరికీ జ్వరం తగిలింది. నాకు నాలుగు రోజుల్లో తగ్గింది. అతనికి ఊపిరి అందలేదు. అంబులెన్స్ వాళ్లు అతన్ని ఎక్కించుకుని నన్ను వద్దన్నారు. పద్నాలుగు రోజులు గడప దాటకూడదన్నారు. తలుపు మీద గుజరాతీలో రాసిన కాగితం ఒకటి అంటించి పోయారు. అందులో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. గుజరాతీ చదవడం వచ్చినవాడిని అప్పుడే తీసుకుపోయారు కదా.

మా వరుసలో తెలుగిళ్లు ఆరు. లాక్‌డౌన్ మళ్లీ పెడతారన్న భయంతో అందరూ ఆ ముందువారమే రైలెక్కి ఊళ్లకు పోయారు. ఎదురింటి లలితమ్మ కూడా పోయింది. ఆరు తాళాలు చూస్తూ కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. పాల ప్యాకెట్ గుమ్మంలో పెట్టే కుర్రాడు "మాసీ, దూధ్" అనేవాడు, పిన్నీ పాలు అని. రోజు మొత్తంలో మనిషి ఎదురుగా వచ్చి నాతో అన్న మాట అదే. మూడో రోజుకు "తిన్నవా పద్మా?" అని నన్ను నేనే అడిగి, "ఇంకా లేదు" అని నేనే జవాబు చెప్పుకున్నాను. నవ్వు రాలేదు, భయమేసింది.

మొదటి రెండు రోజులు నర్సింగం ఫోన్ చేశాడు. "సూసినవా పద్మా, ఆఖరికి దేశానికంతా ఒక్కటే భాషొచ్చింది. దగ్గు," అన్నాడు. నవ్వబోయి దగ్గాడు. మూడో రోజు ముఖానికి పెద్ద మాస్క్ పెట్టి మెషిన్ తగిలించారు. అప్పటినుంచి హేతల్ అనే నర్సు పొద్దున పదింటికి ఫోన్ చేసి హిందీలో సంగతి చెప్పేది. మంచి పిల్ల. నాకు అర్థం కాకపోతే విసుక్కోకుండా మళ్లీ చెప్పేది.

ఆరో రోజు ఆమె గొంతులో తొందర వినిపించింది.

"మాసీ, కాకాకు ఏం కావాలో తెలియట్లేదు. చేత్తోనేమో మాస్క్ లాగేస్తున్నారు. నోటితోనేమో చాలూ, చాలూ అంటున్నారు. మెషిన్ నడపమనా, తీసేయమనా? ఆయనే వద్దంటే మామూలు ఆక్సిజన్ గొట్టం పెడతాం. దాంతో ఊపిరి సరిపోదు మాసీ, అది మీకు ముందే చెప్తున్నా. మీ భాషలో చాలూ అంటే వేరే అర్థం ఏమైనా ఉందా?"

ఇరవై రెండేళ్లలో సూరత్‌లో ఎవరూ నన్ను 'మీ భాషలో' అని అడగలేదు.

నాకు తెలుసు. కంచానికి చెయ్యి అడ్డం పెట్టే మనిషిని నేను ఎరుగనా? కానీ ఇరవై రెండేళ్లు పొద్దున్నే సాంచె దగ్గర నిలబడి చాలూ కరో అన్న నోరు కూడా అదే. తల పక్కన మెషిన్ చప్పుడు వింటూ జ్వరంలో సాంచె అనుకున్నాడేమో. అలా కూడా కావచ్చు. ఫోన్ అతని చెవి దగ్గర పెట్టమని హేతల్‌ను అడగవచ్చు. "ఏ భాషల అన్నవు?" అంటే చాలు, అతను చెప్తాడు. ఆ జవాబు నాకు వద్దు. ఆ గదిలో, ఆ ఆరు తాళాల ఎదురుగా, నేను ఒక్కదాన్నే బతకలేను.

"నై బేటీ," అన్నాను. "హమారే మే భీ వహీచ్ హై. ఏక్ హీ మత్లబ్."

మా దాంట్లోనూ అదే. ఒక్కటే అర్థం.

"అయితే కాకాకు చాలా ధైర్యం మాసీ," అని హేతల్ సంతోషపడింది. అన్నేళ్లు వాదించి, చివరికి నర్సింగం వాదమే ఒప్పుకున్నాను. అతనికి వినపడకుండా.

మాస్క్ లాగకుండా అతని చేతులకు మెత్తటి గుడ్డ కట్టామని మర్నాడు చెప్పింది. అడ్డం పెట్టడానికి చెయ్యి కూడా లేకుండా చేశాను. ఆ పూట నేను అన్నం వండుకోలేదు.

మరో మూడు రోజులకు పోయాడు. నన్ను రానివ్వలేదు, శవాన్ని ఇవ్వలేదు. హేతల్ ఫోన్‌లో ఏడుస్తూ, "ఆఖరిదాకా చాలూ చాలూ అంటూనే ఉన్నారు మాసీ," అంది.

సిరిసిల్ల నుంచి మరిది సోమలింగం ఫోన్ చేశాడు. "ఆఖరికి ఏమన్న అన్నడా వదినె?" అని అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. అతను అన్న ఆ 'చాలు' సూరత్‌లో ఎవరికి చెప్పినా ఆయన ధైర్యవంతుడంటారు. సిరిసిల్లలో ఎవరికి చెప్పినా గుండె పట్టుకుంటారు, తర్వాత నా మొహం చూస్తారు. రెండర్థాలూ తెలిసిన మనిషితో మాట్లాడుకోవాలనిపిస్తుంది. అలాంటి మనిషి నాకు ఒక్కడే ఉండేవాడు.

అతను పోయిన పదకొండో రోజుకల్లా నా పద్నాలుగు రోజులు ముగిసిపోయాయి. అన్నం, పప్పు, అతనికి ఇష్టమైన చింతకాయ తొక్కు తీసుకుని మేడ మీదికి పోయాను. విస్తరి వేసి వడ్డించాను. ఒక గరిటె, రెండు, మూడు. నాలుగో గరిటె దగ్గర నా చెయ్యి అలవాటుగా ఆగింది. అతను 'చాలు' అనేది అక్కడే.

"ఇప్పుడన్న చెప్పు. ఏ భాషల అన్నవు?" అన్నాను.

కింద వీధిలో ఎవరో గుజరాతీలో మాట్లాడుకుంటూ పోయారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా వడ్డిస్తూనే ఉన్నాను.