కర్ల్యూ గూటికి కాపలా

హిలరీ ప్యూ కాలు ఒకచోట నిలవని మనిషి. చలికాలంలో మొగుడు పోయాక మరీనూ. కూర్చుంటే చాలు, ఇల్లు మీద పడి కరిచినట్టుండేది. అందుకే తెల్లారగానే బైనాక్యులర్ మెడలో వేసుకుని వెన్‌బరీ ఊరి బయట గుట్టలన్నీ తొక్కి వచ్చేది.

మే చివర్లో, మెర్విన్ గిటిన్స్ గడ్డిపొలంలో ఆవిడకి కర్ల్యూ గూడు కనబడింది. వంకర ముక్కు పక్షి, నేల మీదే నాలుగు గుడ్లు పెట్టింది. ఈ చుట్టుపక్కల మిగిలింది ఆ ఒక్క జంటే. గడ్డి కోసేటప్పుడు గుర్తుంటుందని హిలరీ గూటి చుట్టూ వెదురు పుల్లలు పాతి, గొప్ప పని చేశానని మురిసిపోయింది.

రెండు రోజులకి వచ్చి చూస్తే పుల్ల మీద కాకి! తీరిగ్గా కూర్చుని కిందికి చూస్తోంది. హిలరీ కేకలేస్తూ పరిగెత్తి పుల్లలన్నీ పీకేసింది. కాపలా పెట్టాననుకుంటే దొంగకి దారి చూపించింది. గుడ్లు మూడే మిగిలాయి.

ఆ పుల్లలు చంకన పెట్టుకునే మెర్విన్ ఇంటికెళ్ళింది.

"కోత కొన్నాళ్ళు ఆపకూడదూ?"

"ఎండ ఈ వారమే. గడ్డి కుళ్ళితే చలికాలం నా ఆవులకి నువ్వు పెడతావా మేత? రేపే కోస్తా. గూడెక్కడో చూపించు, తప్పించి పోతా."

"పుల్లలు పాతితే కాకి చూస్తోందయ్యా!"

"అంతెత్తు గడ్డిలో ట్రాక్టర్ మీంచి నాకేం కనబడుద్దీ?"

"నేను నిలబడతా."

మెర్విన్ పగలబడి నవ్వాడు. "నువ్వా! చర్చిలో ప్రార్థన అయ్యేలోపే మూడుసార్లు బయటికెళ్ళొస్తావు!"

మర్నాడు హిలరీ గూటి పక్కన నిలబడింది. కర్ల్యూ లేచిపోయి నెత్తిన అరుస్తూ తిరిగింది. ట్రాక్టర్ రొద, ఈగల కాట్లు. కాళ్ళు గేటు వైపు లాగేస్తున్నాయి. గుడ్లు చల్లారిపోతాయేమోనని ప్రాణం కొట్టుకుంది. అయినా కదల్లేదు. మెర్విన్ గూటి చుట్టూ గడ్డి వదిలేసి కోత ముగించాడు. ఇద్దరూ దూరంగా వచ్చి గేటు దగ్గర కూర్చున్నారు.

పక్షి దిగలేదు.

"ఇంత అలజడయ్యాక ఇంకేం వస్తుందే. పద, టీ తాగొద్దాం."

మొగుడు ఆర్థర్ కూడా ఆఖరి రోజున ఆస్పత్రిలో "కాసేపు కూర్చోవే" అన్నాడు. టీ తెస్తానని లేచెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆర్థర్ లేడు. ఆ సంగతి హిలరీ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

"నువ్వెళ్ళు మెర్విన్," అంది. "ఈసారి నేను లేవను."

మెర్విన్ ఆవిడ మొహం చూసి, టీ మాట మళ్ళీ ఎత్తలేదు. పక్కనే కూర్చుండిపోయాడు. పొద్దు వాలుతుండగా కర్ల్యూ దిగి, అటూ ఇటూ చూసుకుంటూ నడిచి, మిగిలిన గడ్డిలోకి దూరింది.