అక్క కిడ్నీకి కాపలా

తమ్ముడి ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టిన బ్యాక్టీరియా అంటే ఆస్పత్రిలో అందరికీ మహా మోజు. డాక్టరమ్మ పొద్దున్నే వచ్చి తమ్ముణ్ణి ఎలా ఉన్నావని అడిగేది కానీ, కళ్లు మాత్రం ల్యాబ్ రిపోర్టు మీదే ఉండేవి. ఆవిడ వెనకాల వచ్చే డాక్టర్లు పెళ్లిసంబంధం మాట్లాడుకున్నంత శ్రద్ధగా దాని గుణగణాలు మాట్లాడుకునేవాళ్లు. మంచం మీద మనిషి కూడా ఉన్నాడని గుర్తుచేద్దామా అని అక్కకి అనిపించేది. పెద్ద చదువులు చదివినవాళ్లు, వాళ్లకే తెలుస్తుందిలే అని ఊరుకునేది.

అక్క డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. నేర్చుకునేవాళ్లు గోడ మీదికి పోనిస్తున్నా గొంతు పెంచని మనిషి. తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు. వాడి రెండు కిడ్నీలూ చేతులెత్తేసినప్పుడు తనదొకటి ఇస్తానని అక్క ఫోన్లోనే చెప్పేసింది. అందుకోసం కారు పక్కకి ఆపిందే తప్ప దిగను కూడా దిగలేదు.

ఒకరి కిడ్నీ ఇంకొకరి ఒంట్లో నిలవాలంటే రోజూ మాత్రలు మింగాలి. లేకపోతే ఒంట్లోని కాపలావాళ్లు దాన్ని పరాయిదని తరిమేస్తారు. ఆ మాత్రలు కాపలావాళ్లని జోకొట్టి పడుకోబెడతాయి. తమ్ముడి ఒంట్లో పెట్టిన అక్క కిడ్నీకి అది మంచిదే. ఊపిరితిత్తుల్లో దూరిన బ్యాక్టీరియాకి ఇంకా మంచిది.

మొదటి మందు వేస్తే జ్వరం తగ్గింది, ఇంటికి పంపారు. మళ్లీ వచ్చింది. మందు మార్చారు, తగ్గింది, మళ్లీ వచ్చింది. అలా మార్చి మార్చి, చివరికి మందుల బీరువాలో పై అరలన్నీ అయిపోయాయి. ఇదేం విడ్డూరమని అక్క నిలదీస్తే డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. మందు ఎంత గట్టిదైనా కొన్ని మిగిలిపోతాయట. మామూలు మనిషిలో అయితే ఆ మిగిలినవాటి పని ఒంట్లోని కాపలా పడుతుంది. ఇక్కడ కాపలా గురకపెట్టి నిద్రపోతోంది. మిగిలినవి తీరిగ్గా పిల్లల్ని కంటాయి, ఆ పిల్లల్లో ఎక్కడో ఒకదానికి చిన్న తేడా పుడుతుంది, ఆ తేడా వల్ల అది మందుకి చావదు. దాని పక్కనున్నవి చస్తాయి కాబట్టి ఇల్లంతా దాని సంతానానిదే. ఇప్పుడున్నవి మొదట దూరినవాటి ముని మునిమనవలు. బయటినుంచి వచ్చినవి కావు, తమ్ముడిలోనే పుట్టి పెరిగి ఇంతటివి అయ్యాయి.

"అంటే మావాడు వాటికి బడి పెట్టాడన్నమాట" అంది అక్క.

అలాగే అనుకోవచ్చంది డాక్టరమ్మ.

ఇక మిగిలింది ఒక పాత మందు. అది బ్యాక్టీరియాని చంపుతుంది, కిడ్నీనీ దెబ్బతీస్తుంది. అదొక్కటే చాలదు. జోకొట్టే మాత్రలు బాగా తగ్గించి కాపలాని లేపాలి, లేస్తే అది ముందు కిడ్నీ మీదే పడొచ్చు. కిడ్నీ దక్కదనే అనుకోండి, మనిషి దక్కాలంటే ఇదే దారి అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. తమ్ముడు బుద్ధిగా తలూపాడు. చిన్నప్పటినుంచీ వాడు బుద్ధిగా తలూపిన ప్రతిసారీ ఏదో కొంప మునిగింది, అక్క అప్పుడే అనుమానించాల్సింది.

పాత మందు ఎక్కుతూనే ఉంది, జ్వరం మాత్రం దిగలేదు. తమ్ముడికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మాట్లాడాలంటే మాస్కు తీసి, రెండు మాటలకోసారి ఆగేవాడు. అప్పుడు డాక్టరమ్మ అక్కని వరండాలోకి పిలిచింది. మాత్రలు తగ్గించినా రక్తంలో వాటి పాళ్లు తగ్గలేదని, ఎవరో దొంగచాటుగా ఇస్తున్నారని చెప్పి, కిడ్నీ మీదే కాబట్టి మమకారం ఉండటం సహజమే అని మెత్తగా అంది. నేను కాదంది అక్క. ఎవరో మాత్రం ఆమెకి అప్పటికే తెలిసిపోయింది.

గడియారాల పనివాళ్లు ఊడిన మర ఒక్కటి కూడా పారెయ్యరు. తమ్ముడు ఆ మరలు దాచే డబ్బాని ఆస్పత్రికి కూడా తెచ్చుకుని తలగడ పక్కన పెట్టుకున్నాడు, అది లేకపోతే చెయ్యి ఊరుకోదన్నాడు. అక్క ఆ డబ్బా మూత తీసింది. మరలన్నీ ఒక పక్కకి సర్ది ఉన్నాయి. రెండో పక్క ఇంటినుంచి తెచ్చుకున్న మాత్రలు, అంతే పొందికగా ఉన్నాయి.

"ఏంట్రా ఇవి?"

తమ్ముడు మాస్కు పక్కకి లాగాడు. "నీ కిడ్నీ పోతుందక్కా."

"పోతే?"

"కోయించుకుని ఇచ్చావు. పోగొట్టి... ఏ మొహం పెట్టుకుని నీకు కనబడను?"

అక్కకి కోపం రాలేదు. భయమేసింది. తను ఇచ్చినదాన్ని కాపాడటానికి వీడు తన ఊపిరే పణంగా పెట్టేశాడు, అదీ ఏదో మర్యాద పాటిస్తున్నట్టు, చప్పుడు కాకుండా.

"నేను దాన్ని నీకిచ్చానురా" అంది. "నిన్ను దానికివ్వలేదు."

తమ్ముడు మాస్కు పెట్టేసుకున్నాడు. అక్క మాత్రలన్నీ ఏరి డాక్టరమ్మ చేతిలో పోసింది.

కాపలా లేచింది. జ్వరం మెల్లిగా దిగింది, మాస్కు తీసేశారు, ల్యాబ్‌లో వెతికితే బ్యాక్టీరియా దొరకలేదు. అంతటి ఘటం పోయిందని డాక్టరమ్మకి ఏ మూలో కాస్త దిగులేసినట్టే ఉంది. ఆ వెనకే కిడ్నీ పని మానేసింది. తమ్ముణ్ణి మళ్లీ డయాలిసిస్ మిషనుకి తగిలించారు. ఇబ్బంది పెడితే తప్ప ఆ కిడ్నీని బయటికి తియ్యక్కర్లేదని, లోపలే ఉండనిద్దామని డాక్టరమ్మ అంది.

"ఉండనివ్వండి, పనీపాటా లేకుండా కూర్చునేవాళ్లు మా ఇంట్లో కొత్తేం కాదు" అంది అక్క. తమ్ముడు నవ్వబోయి దగ్గాడు.

తర్వాత ఆమె వరండాలోకి వచ్చి, చివర ఉన్న బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. అటుగా వెళ్తున్న నర్సు ఆగి, తమ్ముడు గండం గట్టెక్కాడని ఆనందం పట్టలేకపోతున్నారు కదమ్మా అని ఓదార్చింది. అక్క అవునంది. ఆ ఆనందం నిజమే. కానీ ఆ పూట ఆమె ఏడ్చింది కిడ్నీ కోసం.