కంచు ఎద్దుకు తలెటు?

కళావతికి మొగుడి మీద కోపం ఎప్పుడో చచ్చిపోయింది. ఇప్పుడు మిగిలిందంతా ఏవగింపే.

ఒప్పందమైతే సుబ్బరంగా కుదుర్చుకున్నారు. ముందు రాజారావు కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష నేర్చుకుని ఉద్యోగం కొట్టాలి. అందాకా కళావతి ఆస్ట్రేలియాలోని డాండినాంగ్‌లో కోడిమాంసం ప్యాకింగ్‌కి పోయి ఇల్లు నడపాలి. ఆ తర్వాత ఆవిడ యూనివర్సిటీలో నర్సింగ్ చదువుకోవాలి. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకు పిచ్చెక్కుతుందని లోకమంతా గుండెలు బాదుకుంటున్న రోజులవి. కోబాల్ వచ్చంటే చాలు, పిలిచి కుర్చీ వేస్తున్నారు. అంత గిరాకీలోనూ ఈ మహానుభావుడు రాసిన టెస్టల్లా తప్పాడు.

తప్పితే తప్పాడు, దిగులైనా ఉండాలా! ఆస్ట్రేలియా వచ్చేటప్పుడు చవక టికెట్ పుణ్యమా అని జపాన్‌లో ఒక రోజు ఆగారు. క్యోటోలో చదువుల దేవుడికి పాతకాలపు షింతో మతం గుడి ఉంది. అక్కడ కంచు ఎద్దు పడుకుని ఉంటుంది. పరీక్షల పిల్లలు వరస కట్టి దాని తల నిమురుతుంటే, మనవాడు చక్కా వెనక్కి వెళ్లి తోక దగ్గర చేతులానించి కళ్లకద్దుకున్నాడు. ఆ ఫొటో హాల్లో పెట్టుకుని, ఉద్యోగం ఇదిగో వస్తోందంటాడు.

మొన్నటి టెస్టూ పోయింది. పై ఫ్లాట్ జపాన్ అమ్మాయి ఫొటో చూసి, నవ్వాపుకోలేక, తెలివి కావాలంటే నిమరాల్సింది తలని అని చెప్పింది. ఆ పిల్ల అటు వెళ్లిందో లేదో, రాజారావు ఎగిరి గంతేశాడు.

"చూశావా కళా! ఐ టచ్డ్ ద రాంగ్ ఎండ్! మన ఆవుకి వెనకే కదా లక్ష్మీదేవుండేది, ఆ అలవాటులో..."

"అది ఆవు కాదు, ఎద్దు."

"ఏదైతేనేం! ఒక్కసారెళ్లి తల నిమిరొచ్చేస్తా. ఇంకో ఇయర్ నువ్వు మేనేజ్ చేసేస్తే..."

కళావతికి చచ్చిన కోపం మళ్లీ భగ్గుమంది. "ఎదురుగా అంతమంది చేస్తుంటే చూసి నేర్చుకోలేదు, మీకు ఏ దేవుడు చెబుతాడండీ చదువు! నాకు యూనిలో సీటొచ్చింది. మండే నుంచి వెళ్తున్నా. సూపర్‌వైజర్‌తో మాట్లాడేశాను, నా షిఫ్ట్‌కి మీరెళ్లండి."

అరుస్తాడనుకుంది. పోట్లాటకు నడుం బిగించే ఉంది. రాజారావు మెల్లిగా అడిగాడు.

"అక్కడ టెస్ట్ ఏమన్నా ఉంటుందా?"

"ఉండదు."

"అయితే వెళ్తాలే."

ఆ పూట మారు అన్నం పెట్టించుకుని మరీ తిన్నాడు. ఒక్క కేకైనా వేసుంటే బాగుండునని, వడ్డిస్తున్న కళావతికి ఏడుపొచ్చింది.