నాన్న బాప్తిస్మం ఫొటో

మా నాన్న ప్రభాకరరావు ఉద్దానంలో ఏ కొబ్బరిచెట్టైనా కళ్ళు మూసుకుని ఎక్కేస్తాడు గానీ, సముద్రంలో మోకాలు మాత్రం తడవనివ్వడు. మా ఊరికీ సముద్రానికీ మధ్య ఉన్నది ఒక్క జీడితోట. అయినా నీళ్ళంటే ఆయనకి చచ్చేంత భయం. ఆ మాట ఎవరైనా పైకి అన్నారో, ఆ పూట అన్నం మానేస్తాడు.

మా సంఘంలో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక మనిషి తనంతట తాను వచ్చి, పాస్టరు అయ్యగారి చేతుల్లో నిండా మునగాలి. మునిగేది సముద్రంలో. నాన్న ఆ ఒక్కటీ తప్ప అన్నీ చేశాడు. పాటలు పాడాడు, చర్చి పైకప్పుకి పెంకులు నేశాడు, క్రిస్మస్‌కి నక్షత్రం కట్టాడు. పెళ్ళప్పుడు "బాప్తిస్మం లేనివాడికి పిల్లనెలా ఇస్తారు?" అని పెద్దలు అడ్డం తిరిగితే, మా అమ్మమ్మ రత్నాలమ్మ లేచి నిలబడి, "ఏడాది తిరక్కండా మునుగుతాడు, నాదీ పూచీ" అందట. ఆ ఏడాది ఇరవై నాలుగేళ్ళు సాగింది. ఒక ఏడు జ్వరం. ఒక ఏడు జీడిపిక్కల పని. ఒక ఏడు ఎద్దు కాలు విరిగిందన్నాడు. మాకు ఎద్దు ఎప్పుడూ లేదు.

రెండువేల రెండులో అమ్మమ్మ పూండిలో తన ఇంట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచం మీంచే కబురు పెట్టింది. "నా మాట పోగొట్టీసి నన్ను సమాధిలో ఎట్టకండి. ఆడు మునిగినట్టు నా కళ్ళతో సూడాల." నాన్న రెండురోజులు కొబ్బరిచెట్ల మీదే గడిపాడు. మూడోరోజు వెళ్ళి అయ్యగారి దగ్గర పేరు రాయించుకొచ్చాడు. అమ్మమ్మ ఎలాగూ సముద్రం దాకా రాలేదు కాబట్టి, ఫొటో తీసి చూపించాలని ఇంట్లో తీర్మానం చేశాం.

ఫొటో బాధ్యత నాది. నేను టెక్కలిలో ప్రైవేటు స్కూలు టీచర్ని. ఆ ఏడే కొత్తగా జూమ్ కెమెరా కొనుక్కున్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది, మీట నొక్కితే లెన్సు జుయ్‌మని ముందుకొస్తుంది, రీలు దానంతటదే చుట్టుకుంటుంది. నా పొగరు అంతా ఇంతా కాదు. "స్టూడియో వైకుంఠరావుని పిలుద్దామే" అని మా అమ్మ దోర్కాస్ అంటే కస్సుమని లేచాను.

ఆ ఆదివారం పొద్దున్న సంఘమంతా ఒడ్డున చేరింది. బాప్తిస్మం కన్నా ముందు అందరికీ నా కెమెరా కావాలి. "ఒలే గ్లోరీ, దాని ముక్కు మళ్ళీ బయటికి రప్పించే!" అని ఒకరు, "మా ఇద్దరికీ ఒకటి నొక్కే" అని ఇంకొకరు. నేనూ ఎక్కడా తగ్గలేదు. పడవలకి తీశాను, పీతలకి తీశాను. తీరా చూసుకుంటే ఒకే ఒక్క ఫొటో మిగిలింది. ఇంకో రీలు కొనాలంటే పలాస వెళ్ళాలి.

నాన్న తెల్లపంచెలో ఎండలో నిలబడి వణుకుతున్నాడు. "దగ్గరికి రాకే గుంటా, దూరం నుంచి తియ్యి. జూమో ఏటో ఉంది కదా" అన్నాడు. భయపడ్డ మొహం కూతురు చూడకూడదని ఆయన బాధ. "ఏటండీ, కొబ్బరిచెట్టే అనుకోండి, కాకపోతే కిందికి ఎక్కాల" అంది అమ్మ. నాన్న మూడడుగులు ముందుకేస్తే అల వచ్చింది, రెండడుగులు వెనక్కొచ్చాడు. ప్రేమ్‌కుమార్ అయ్యగారు నవ్వుతూ చెయ్యి పట్టుకుని నడుంలోతుకి తీసుకెళ్ళారు.

ఇసకలో నిలబడి జూమ్ లాగాను. గట్టిగా మూసుకున్న నాన్న కళ్ళు కనపడ్డాయి. నొక్కాను. ఈ కెమెరాలకి ఒక జబ్బుంది. నొక్కగానే తియ్యవు. దూరం చూసి, దగ్గర చూసి, ఒక నిర్ణయానికొచ్చి, అప్పుడు క్లిక్కుమంటాయి. అయ్యగారు దానికోసం ఆగుతారా? అది క్లిక్కుమనేసరికి నీళ్ళమీద నాన్న లేడు. వెంటనే గిర్రుమని రీలు మొత్తం వెనక్కి చుట్టేసుకుంది.

నాన్న అయ్యగారి మెడ కరుచుకుని, దగ్గుతూ పైకొచ్చాడు. అందరూ పాట అందుకున్నారు. నేను రీలు సంగతే మర్చిపోయి, సిగ్గు విడిచి, "అయ్యగారూ, ఇంకొక్కసారి!" అని అరిచాను. ఒడ్డంతా గొల్లుమంది.

"బాప్తిస్మం ఒక్కసారేనమ్మా" అన్నారు అయ్యగారు.

నాన్న కళ్ళలో ఉప్పునీళ్ళు తుడుచుకుని, "పొటో పడనేదా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన ఒకసారి సముద్రంకేసి చూసి, అయ్యగారి చెయ్యి మళ్ళీ పట్టుకున్నాడు.

"ఇంకోపాలి ముంచీయండయ్యగారూ. మా అత్త సూడాల."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు ఏడుపొచ్చేసింది. రీలు అయిపోయిందని అప్పుడు గుర్తొచ్చి, కెమెరా వెనక దాచుకున్నాను. అయ్యగారు నాన్న భుజం తట్టి, మెల్లగా ఒడ్డుకి నడిపించుకొచ్చారు.

పలాసలో వైకుంఠరావు ముప్ఫై అయిదు ఫొటోలు కడిగి ఇచ్చాడు. "ఆఖరిది ఒట్టి నీళ్ళేనమ్మా, అందుకే వెయ్యలేదు" అన్నాడు. పోట్లాడి వేయించుకున్నాను. మోచేతుల దాకా నీళ్ళలో అయ్యగారి చేతులు, వాటి మధ్య ఇంత నురగ. నాన్న చొక్కా అంచు కూడా లేదు.

పూండిలో నాన్న గుమ్మం బయటే ఆగిపోయాడు. అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఫొటో చాలాసేపు చూసింది.

"ఆడేడే?"

"నీళ్ళలో ఉన్నాడు అమ్మమ్మా" అన్నాను, తల వంచుకుని.

"నా కళ్ళు ఆనవు, నువ్వు సూసి సెప్పు. ఎంటిక ముక్కైనా పైకి తేలిందేటి?"

"లేదు."

"సెయ్యో, సెవో?"

"ఏదీ లేదు."

అమ్మమ్మ దిండుకి ఆనుకుని, హాయిగా ఊపిరి వదిలింది. "తల తడుపుకుని పొటో దిగితే నాను నమ్ముదునేటి? సెంబుడు నీళ్ళు పోసుకున్నా తల తడుస్తాది. నిండా మునిగినోడు ఇలాగే ఉంటాడు. అల్లుడా, నోపలికి రా."

నాన్న వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మమ్మ ఓదార్చలేదు. ఇంకా చూస్తూనే ఉంది ఫొటోని.

ఆ తర్వాత ఆమెని పలకరించడానికి ఎవరొచ్చినా దిండు కిందనుంచి అది తీసి, నురగ మీద వేలు పెట్టి, "ఇడుగో, మా అల్లుడు" అని చూపించేది. వచ్చినవాళ్ళు ఆ నీళ్ళకేసి తేరిపార చూసి, "బాగున్నాడమ్మా" అనేవారు.