తొమ్మిదో బెడ్ రక్తం

ఉదయం ఏడింటికి ల్యాబ్ తలుపు తీయగానే టెక్నీషియన్ చేసే మొదటి పని, వార్డుల నుంచి వచ్చిన రక్తం గొట్టాలను స్టాండులో నిలబెట్టి వాటిలో రక్తం ఎటు ఒరుగుతుందో చూడటం. మనిషి కోసం ఎవరైనా ఎదురుచూస్తుంటే, అతని రక్తం వాళ్లున్న దిక్కుకి ఒరుగుతుంది. భార్య మెట్ల మీద కూర్చుంటే మెట్ల వైపు, కొడుకు క్యాంటీన్‌లో ఉంటే క్యాంటీన్ వైపు. రిపోర్టులో కామెర్ల సంగతి చెప్పే బిలిరుబిన్ కింద అందుకొక గడి ఉంది. ఎవరూ లేకపోతే అందులో 'నిలువు' అని రాయాలి.

గొట్టాల మీద బెడ్ నంబర్లే తప్ప పేర్లుండవు. పదకొండేళ్లుగా ఆమెకు రోగులంటే అంకెలే. మనుషులతో మాట్లాడేది నెలకోసారి, మొదటి సోమవారం, రిపోర్టులిచ్చే చిన్న కిటికీ దగ్గర. కాలేయం జబ్బున్న ఒక పెద్దాయన అరచేయి మాత్రమే లోపలికి చాపి, "ఈసారి ఎన్ని మార్కులొచ్చాయమ్మా?" అనేవాడు. "పాసయ్యారు, బొటాబొటిగా" అనేది. అంతే. ఈ సోమవారం ఆయన రాలేదు. ఆ కిటికీ వైపు చూడటం ఆమె నాలుగు రోజులుగా మానలేదు.

ఏటా ఉద్యోగుల పరీక్షలప్పుడు తన రక్తాన్నీ చూసుకునేది. తాపీమేస్త్రి తూకం గుండులా నిటారుగా ఉండేది. దాని గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆమె కూడా.

ఆ శుక్రవారం తొమ్మిదో బెడ్ అంకెలు బాగాలేవు. బిలిరుబిన్ పంతొమ్మిది. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం మూడింతలు. ఒళ్లు ఎంత అలసిపోయిందో చెప్పే లాక్టేట్ ఆరు. రక్తం మాత్రం తిన్నగా ఆమె కూర్చున్న కుర్చీ వైపు ఒరిగింది. ల్యాబ్‌లో తను తప్ప ఎవరున్నారు? బల్లే వాలి ఉంటుందనుకుంది. బల్ల కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, గడిలో 'నిలువు' అని రాసి పంపింది.

పదింటికి డాక్టరు ఫోన్ చేశాడు. రక్తం వడకట్టే మెషిన్ ఒక్కటే ఉంది, దానికోసం ఇద్దరున్నారు. అంకెలు ఇద్దరివీ ఒకటే. అలాంటప్పుడు ఒరుగు ఉన్నవాళ్లకే ముందు. మరొకాయనకి ఒరుగు ఉంది.

"తొమ్మిది నిలువే కదా?"

ఆమె స్టాండు వైపు చూసింది. లేచి ఫ్రిజ్ దాకా నడిచింది. రక్తం ఫ్రిజ్ వైపు తిరిగింది.

"ఆయనెవరు సార్?"

ఎవరో పక్కింటాయన తెచ్చి దించి వెళ్లాడట. జేబులో మడతలు పెట్టిన పాత రిపోర్టులు తప్ప ఏమీ లేవట. "మత్తులోనే ఎన్ని మార్కులని అడుగుతున్నాడు" అన్నాడు డాక్టరు.

ఆమె రిపోర్టుల కిటికీ వైపు చూసింది.

"తప్పు నాదే సార్. ఒరుగు అని దిద్దండి."

"ఎటు?"

"నా వైపు."

ఫోన్‌లో కలం గీసిన చప్పుడు వినిపించింది. మరొకాయన లాక్టేట్ ఇప్పుడు దిగుతోందనీ, సాయంత్రం దాకా ఆగగలడనీ చెప్పి, "పైకి రండి, సంతకం కావాలి" అన్నాడు.

రోగికి ఏమవుతారని నర్సు అడిగింది. రిపోర్టులిచ్చేదాన్నని చెప్పింది. నర్సు అలాగే రాసుకుంది. "మేనమామలమని రాయించినవాళ్లు సంతకం టైముకి ఎప్పుడొచ్చారు గనక" అంది.

పెద్దాయన చేయి పచ్చగా, పలచగా దుప్పటి మీద ఉంది. ముఖం చూడటం అదే మొదటిసారి. చేతినే గుర్తుపట్టి పక్కన కూర్చుంది. సాయంత్రానికి లాక్టేట్ నాలుగు. మర్నాటికి రెండున్నర. మరొకాయనా గట్టెక్కాడు.

రెండు నెలల తర్వాత ఉద్యోగుల పరీక్షలు వచ్చాయి. తన గొట్టాన్ని స్టాండులో పెట్టి, అలవాటుగా 'నిలువు' అని రాయబోయి ఆగింది. రక్తం కిటికీ వైపు ఒరిగి ఉంది.

ఆ రోజు మొదటి సోమవారం. ఆమె లేచి వెళ్లి కిటికీ తలుపు తీసింది.